నడుమ నుంచి మొదలయ్యే పాట

"రికార్డు పోయింది నిన్న సాయంత్రం. దొంగ దొరికింది ఇవాళ పొద్దున. మీరొచ్చింది మిట్టమధ్యాహ్నం. ఇక మీకు మిగిలింది భోజనం ఒక్కటే యశోదగారూ," అన్నాడు ఉదయ్ భాస్కర్, నల్లకళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుంటూ.

"భోజనం పాల్వంచలోనే అయింది సార్. దొంగను చూపించుండ్రి," అంది యశోద. ఆమె చేతిలో పొట్లం ఉంది. దారిలో కొన్న తాటి ముంజలు ఇంకా కొన్ని మిగిలాయి.

ఉదయ్ భాస్కర్ హైదరాబాద్‌లో పేరు మోసిన ప్రైవేట్ డిటెక్టివ్. యశోద ఆఫీసు ఖమ్మంలో ఒక టిఫిన్ సెంటర్ మేడమీది గది. డిటెక్టివ్ బోర్డు పెట్టకముందు పదిహేనేళ్లు బస్సుల్లో టికెట్లు చెక్ చేసింది. ఇద్దరినీ ఒకే కేసుకు పిలిపించారు. అతన్ని తండ్రి పిలిచాడు, ఆమెను కూతురు.

ఆ కూతురు దీపిక గుమ్మంలోనే నిలబడి ఉంది. సత్తుపల్లిలో పామాయిల్ తోటలున్న వెంకటరామారావు ఒక్కగానొక్క కూతురు. తోటలు చూసుకోమంటే భద్రాచలంలో ఇల్లు కిరాయికి తీసుకుని 'ఇప్ప రికార్డ్స్' అని కంపెనీ పెట్టింది. దుమ్ముగూడెం అవతలి అడవి ఊళ్లో ఉండే రామక్క చేత పాడించింది. ఆ పాటలను ఇప్పుడు అందరిలా ఫోన్లలోకి కాదు, గ్రామఫోన్ ప్లేటులాంటి నల్లటి వినైల్ రికార్డు మీదికి ఎక్కించింది. అదీ మామూలు రికార్డు కాదట. వాడేసిన వంటనూనె నుంచి తీసిన కొత్తరకం వినైల్‌తో చేయించింది.

"అయితే మిర్చిబజ్జీల వాసన రాదా?" అంది యశోద.

దీపికకు అంత దిగులులోనూ నవ్వొచ్చింది. "రాదండీ. ఫ్యాక్టరీ వాళ్లు ముందు ఒకే ఒక్క రికార్డు నమూనాగా పంపారు. అది విని సరే అంటేనే మిగతావి అచ్చు వేస్తారు. సరే అనాల్సింది నేను కాదు, రామక్క. 'ముందుగాల నేను వినాలె, అది నాదైతేనే ఊళ్లోకి పోవాలె' అని మాట తీసుకుంది. ఇదివరకు ఎవరో ఆమె పాట ఫోన్లో పట్టుకుపోయి ఇంకొకరి పేరుతో పెట్టారట. ఇవాళ మూడింటికి వస్తానంది. వచ్చాక రికార్డు పోయిందని చెబితే..."

"మళ్ల మీ గుమ్మం తొక్కదు."

"తొక్కదండీ. తప్పూ లేదు."

యశోద గడియారం చూసుకుంది. ఒంటిగంటన్నర.

వసారాలో గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి లేచి నిలబడ్డాడు. పేరు హేమ్లా. రామక్క పాటలకు డోలు వాయించింది అతనే. ఉదయ్ భాస్కర్ లెక్కలో దొంగ కూడా అతనే.

"కూసో తమ్ముడూ. నిన్న ఎప్పుడొచ్చినవ్?"

"నాలుగింటికమ్మా. రికార్డు అట్ట వచ్చింది, చూసిపో అని దీపికమ్మ ఫోన్ చేసింది. ఆమె బ్యాంకుకు పోయిండె. తాళంచెవి ఎదురుంగ ఇస్త్రీ ఆయన తాన ఉంటది. తీసుకున్న, చూసిన, మళ్ల తాళమేసి ఇచ్చిన."

"ఏం చూసినవ్?"

అతని ముఖం వెలిగింది. "నా డోలు. అట్ట మీద రామక్క పక్కన నా డోలు బొమ్మ ఏసిండ్రు. నా చేతులు గూడ పడ్డయ్."

"ఆ చేతులే పట్టించాయి," అన్నాడు ఉదయ్ భాస్కర్. పెట్టెలోంచి బూడిదరంగు పొడి చల్లిన కవర్ తీసి చూపించాడు. "కవర్ నిండా ఇతని వేలిముద్రలే. సాయంత్రం అయిదింటికి దీపికగారు చూసేసరికి లోపల రికార్డు లేదు. ఆఖరున వచ్చింది ఇతను."

"బొమ్మ చూడాలంటే చేతులతోనే పట్టుకోవాలె గదా సార్. కాళ్లతో పట్టుకోలేడు." యశోద హేమ్లా వైపు తిరిగింది. "అట్ట బరువుగ ఉండెనా?"

"లే. పట్టుకున్నట్టే లేకుండె. ఉత్త అట్టనే అనుకున్న."

"లోపల రికార్డు లేదని అనుమానం రాలె?"

"రికార్డు ఎట్లుంటదో నేనెప్పుడు చూసిననమ్మా? ఇయ్యాల రామక్కతోటి చూద్దామనే గదా వచ్చిన. నా డోలు ఎట్ల మోగిందో వినాలని రాత్రి నిద్ర గూడ పట్టలె."

ఉదయ్ భాస్కర్ చప్పట్లు కొట్టాడు. "బాగా చెప్పాడు. ఇదే స్టేషన్లో మళ్లీ చెబుతాడు. సాయంత్రం అప్పజెబుతున్నాను."

"సాయంత్రం గదా. ఇంకా టైముంది. నిన్న ఇతనికంటే ముందు వచ్చిందెవరు?"

"నేనే మేడం," అని వెనక నుంచి వినిపించింది.

మడత నలగని చొక్కా వేసుకున్న మనిషి అప్పుడే తెల్లకారు దిగి, రోడ్డు పక్కన ఎండలోనే దాన్ని వదిలి లోపలికి వస్తున్నాడు. అనిల్‌కుమార్. ఖమ్మం, వరంగల్ షాపులకు రికార్డులు సప్లై చేసే ఏజెంటు. ఇప్ప రికార్డ్స్ ఆల్బమ్‌కు ఆర్డర్లు పట్టే పని కూడా ఇతనిదే.

"దీపిక మేడంకు చెప్పే వచ్చిన. మూడింటికి. షాపులోళ్లకు చెప్పాలంటే నేనొకసారి వినాలె గదా," అన్నాడు కుర్చీ లాక్కుంటూ.

"విన్నరా?"

"అబ్బ, ఏం గొంతు మేడం! నా చేతి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డయ్."

"నాకీ మిషన్లు తెల్వవు. ఎట్ల వినాలె?"

ఆ ప్రశ్నకు అతను సంబరపడ్డాడు. తెలిసింది చెప్పమంటే అందరూ సంబరపడతారు. "ఏం లేదు మేడం. రికార్డు పళ్లెం మీద పెట్టిన. సూదిని అంచు మీద దించిన. చిన్నగ కూనిరాగం తీసుకుంట రామక్క మొదటి పాట ఎత్తుకుంది. సూది మెల్లగ లోపలికి జరుగుతుంటే ఒక్కో పాట వచ్చింది. ఒకవైపు మొత్తం విన్న. తీసి కవర్లో పెట్టి, తాళమేసి, చెవి ఇస్త్రీ ఆయనకిచ్చి పోయిన. అప్పటికి మూడున్నర."

"రికార్డు కవర్లోనే పెట్టిండ్రా?"

"నా చేతులతో పెట్టిన."

"విన్నారుగా?" అన్నాడు ఉదయ్ భాస్కర్. "మూడున్నరకు ఉంది. నాలుగింటికి హేమ్లా వచ్చాడు. అయిదింటికి లేదు. దీనికి మీరు ఖమ్మం నుంచి రావాలా?"

యశోద ఒక ముంజ ఒలిచి హేమ్లాకు ఇచ్చింది. ఇంకోటి ఉదయ్ భాస్కర్‌కు ఇవ్వబోతే అతను చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆమె దీపికను వెంటబెట్టుకుని రికార్డు పెట్టిన గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది.

కిటికీ చువ్వలు గట్టిగా ఉన్నాయి. తాళం కప్ప మీద గీత కూడా లేదు. గదిలో రెండు స్పీకర్లు, ఒక బల్ల, బల్ల మీద రికార్డు ప్లేయరు. సూదికి దుమ్ము పడకుండా చిన్న ప్లాస్టిక్ తొడుగు. రికార్డు తప్ప ఇంకేమీ పోలేదు. తాళంచెవితో వచ్చినవాడే తీశాడన్నది మాత్రం ఖాయం.

"ఏదన్న పాత రికార్డు ఉంటే పెట్టమ్మా. నేనెన్నడూ చూడలె."

దీపిక షెల్ఫులోంచి ఒకటి తీసి పెట్టింది. సూది అంచున దిగింది. ఏదో సన్నాయి మొదలైంది. సూది కనీకనిపించకుండా లోపలికి జరుగుతోంది. యశోద వంగి, చేతులు వెనక్కి కట్టుకుని, చాలాసేపు దాన్నే చూసింది.

"మీ రికార్డు గూడ గిట్లనే తిరుగుతదా?"

దీపిక కాస్త తటపటాయించింది. "మీకు చెప్పొచ్చు కదా... ఎవరికీ అనకూడదు."

"అనను."

"మాది ఇట్లా కాదండీ. తిరగేసి ఉంటుంది. సూది నడుమ పెట్టాలి. పాట నడుమ నుంచి మొదలై అంచుకు వస్తుంది."

"అట్లెందుకు?"

"రికార్డుకు అంచు దగ్గర చుట్టు పెద్దది. నడుమ దగ్గర చుట్టు చిన్నది. పెద్ద చప్పుడుకు చోటు ఎక్కువ కావాలి. మామూలు రికార్డులో ఆఖరి పాట ఆ ఇరుకులోకి వచ్చి పడుతుంది. రామక్క ఆల్బమ్ ఎట్లా ఉంటుందంటే, ముందు ఒక్క గొంతే, సన్నగా. ఆఖర్న ఊరంతా పాడుతూ డోళ్లన్నీ ఒక్కసారి మోగుతాయి. ఆ మోత ఇరుకులో పెడితే చీరుకుపోతుంది. అందుకని తిరగేశాం. ఈ పద్ధతిలో మాకు ఇదే మొదటి ఆల్బమ్. విడుదల రోజున అందరి ముందూ సూదిని నడుమ పెట్టి ఆశ్చర్యపరుద్దామని దాచిపెట్టాను."

"ఎవరెవరికి తెల్సు?"

"నాకూ, రికార్డు మీద పాట గాడిని కోసిన ఇంజనీరుకూ. రామక్కక్కూడా చెప్పలేదు."

"దాని మీద ఎవరన్నా తెలియక సూది అంచున పెడితే?"

"పాట రాదండీ. ఆఖరి డోలు దెబ్బ దగ్గరే సూది చిక్కుకుని, అదొక్కటే తిరిగి తిరిగి..."

మాట సగంలో ఆపేసి దీపిక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అవ్," అంది యశోద. "మీ ఏజెంటు టికెట్ లేకుండ బస్సెక్కిండు. మీ రికార్డు ఆయన వినలె. తీసుకుపోయిండు. పెట్టిపోయిన అని చెప్పకపోతే అనుమానం ఆయన మీదికి వస్తదని, వినని పాట విన్నట్టు వర్ణించిండు."

"పోలీసులకు చెబుదాం."

"చెబితే రికార్డు దొరుకుతదా? రామక్క వచ్చేది మూడింటికి. నేనొక మాటంట. మీరు దానికి తగ్గట్టు చెప్పుండ్రి. అంతే."

ఇద్దరూ వసారాలోకి వచ్చేసరికి అనిల్‌కుమార్ ఉదయ్ భాస్కర్‌కు హైదరాబాద్ ట్రాఫిక్ గురించి చెబుతున్నాడు. యశోద కొంగుతో విసురుకుంటూ మెట్టు మీద కూర్చుంది.

"అబ్బ, ఏం ఎండ! దీపికమ్మా, ఈ వంటనూనె రికార్డు ఎండకు ఆగుతదా?"

"ఆగదండీ," అంది దీపిక. "మామూలువే ఎండలో వంకర తిరుగుతాయి. ఇదైతే మూసిన చోట వేడికి గంటలో అప్పడమే."

"అయ్యో. దొంగ దాన్ని ఏ రేకుల షెడ్డులనో పెట్టి ఉంటే ఇక వానికీ పనికిరాదు, మనకూ పనికిరాదు."

హేమ్లా ముఖం మాడిపోయింది. ఉదయ్ భాస్కర్ ఫోన్ చూసుకుంటున్నాడు. అనిల్‌కుమార్ మాత్రం రోడ్డు వైపు చూశాడు. ఒక్కసారి చూసి, మళ్లీ ఇటు తిరిగి, నవ్వి, మళ్లీ అటే చూశాడు. టికెట్ లేనివాళ్లు దిగే తలుపు వైపు చూసే చూపు అది. యశోద ఆ చూపును పదిహేనేళ్లు చూసింది.

అతను రెండు నిమిషాలు ఓర్చుకున్నాడు. "కారు అడ్డంగ పెట్టిన. నీడకు తీసి వస్త," అంటూ లేచాడు.

"నేనూ నీడకే," అంటూ యశోద వెనకే నడిచింది. అతను కాదనేలోపు పక్క సీట్లో కూర్చుంది.

అతను ముందు ఏసీ పూర్తిగా తిప్పాడు. తరువాతే బండి కదిలించాడు.

"నీడకు పోయేటోనికి ఇంత ఏసీ ఏంది అనిల్‌కుమార్? నాకా, సీటు కిందున్న దానికా?"

బండి మూడు గజాలు కూడా కదలకుండానే ఆగిపోయింది.

సీటు కింద తువ్వాలులో చుట్టిన రికార్డు దొరికింది. దాని పక్కనే ఇంకో రికార్డు, రంగురంగుల కవర్లో. యశోద రెండూ తీసుకుని మెట్లెక్కుతుంటే ఉదయ్ భాస్కర్ కళ్లద్దాలు నుదుటి మీది నుంచి జారి ముక్కు మీద పడ్డాయి.

"ఇది పద్ధతి కాదు. అనుమతి లేకుండా కారు వెతికారు," అన్నాడు.

"లిఫ్ట్ అడిగిన, కాలికి తగిలింది. మీరు మాత్రం అనుమతి తీసుకునే హేమ్లాను పొద్దటి నుంచి కూసోబెట్టిండ్రా?"

ఉదయ్ భాస్కర్ హేమ్లా వైపు చూసి, తన మంచినీళ్ల సీసా తీసుకెళ్లి అతని ముందు పెట్టాడు. క్షమాపణ అనే మాట అతని నోటికి అలవాటు లేదు. హేమ్లా నీళ్లు తాగి, సీసా తిరిగి ఇచ్చి, "రికార్డు బాగుందా సార్?" అని అడిగాడు.

అనిల్‌కుమార్ మెట్టు మీద కూలబడ్డాడు. 'మన్యం ఆడియో' అనే కంపెనీ తన చేత ఈ పని చేయించిందని ఒప్పుకున్నాడు. వాళ్లు కూడా రామక్క పాటల రికార్డు వేశారు. మామూలు రికార్డే. అది ఎల్లుండి షాపుల్లోకి వస్తోంది. అప్పటిదాకా ఇప్ప రికార్డ్స్ నమూనా కనిపించకుండా చూడమన్నారు.

దీపిక రంగుల కవర్ చూసింది. 'రామక్క అడవి పాటలు' అని పెద్ద అక్షరాలు. "నా మాస్టర్ రికార్డింగ్ దొంగిలించారన్నమాట."

అతను జవాబు చెప్పేలోపే ఆటో వచ్చి ఆగింది.

రామక్క దిగింది. అరవై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉంది. సంచిలోంచి చింతపండు పొట్లం తీసి దీపిక చేతిలో పెట్టి, "ఏది బిడ్డా, నా పాట?" అంది.

రికార్డు వేడికి కొంచెం ఒంగింది. పళ్లెం మీద చిన్న అలలా లేచి పడుతోంది. దీపిక సూదిని నడుమ దించింది. చిటపట చప్పుడు. తరువాత రామక్క గొంతు, ఒక్కటే, పక్కన కూర్చుని పాడుతున్నంత దగ్గరగా.

రామక్క స్పీకరు వెనక్కి వెళ్లి చూసి వచ్చింది. "లోపల ఎవ్వరు లేరు," అంది ముసిముసిగా. పాట తరువాత పాట, సూది అంచు వైపు నడిచింది. ఆఖరి పాటలో డోళ్లు ఒక్కసారి లేచేసరికి బల్ల మీది గ్లాసులో నీళ్లు వణికాయి. హేమ్లా తన తొడ మీదే దరువు వేస్తున్నాడు. కళ్లవెంట నీళ్లు కారుతున్నా నవ్వుతున్నాడు. ఉదయ్ భాస్కర్ బూటుకాలు కూడా ఆడుతోంది. యశోద చూసి చూడనట్టు ఊరుకుంది.

"ఇది నాదే," అంది రామక్క. "పోనియ్ ఊళ్లోకి." అప్పుడు ఆమె చూపు రంగుల కవర్ మీద పడింది. "అదేంది?"

యశోదే చెప్పింది. "నీ పేరుతోటి ఇంకోళ్లు ఏసిండ్రు అక్కా. నీ పాటే దొంగతనం చేసిండ్రనుకుంటున్నం."

"పెట్టుండ్రి. వింట."

ఈసారి సూది అంచున దిగింది. కూనిరాగం వచ్చింది. అదే గొంతు. దీపిక కళ్లు మూసుకుంది. "అదే. నా రికార్డింగే."

"కాదు," అన్నాడు హేమ్లా. "డోలు నాది కాదు."

ఉదయ్ భాస్కర్ ముందుకు వంగాడు. "అయితే ఇది కంప్యూటర్ పని. గొంతు నమూనా ఇస్తే చాలు, ఎవరు పాడినట్టైనా పాడిస్తుంది. ఇలాంటి కేసులు నేను రెండు చూశాను." అతని మాటలో ఎగతాళి లేదు.

యశోద రామక్కను చూస్తోంది. రామక్క నవ్వు ఆగిపోయింది. ఆమె మెల్లగా నేల మీద కూర్చుని, చెవి స్పీకరుకు ఆనించింది. రెండో పాటలో ఒక చరణం వచ్చింది. మూడు కాళ్ల మేకపిల్ల వాగు దాటిందట, అక్క దాన్ని ఎత్తుకుందట, చెల్లె అక్కను ఎత్తుకుందట.

"కంప్యూటర్‌కు ఈ మేక ఎట్ల ఎరుక?" అంది రామక్క. "ఈ చరణం మా ఊరి పాటల లేదు. మేకలు కాసేటప్పుడు నేనూ నా చెల్లె జోగమ్మ కట్టుకున్నం. ఊళ్లో గూడ ఎవ్వల ముందట పాడలె. మిరపతోట కూలికని ట్రాక్టరెక్కింది జోగమ్మ. మళ్ల రాలె. ఎన్ని ఊళ్లు తిరిగినం... చచ్చిపోయిందనుకుని దినాలు గూడ చేసినం."

దీపిక సూదిని పైకి లేపింది.

యశోద గిర్రున తిరిగి, గుమ్మంలో కూసోబెట్టిన అనిల్‌కుమార్ ముందు నిలబడింది. "పాడింది ఎవరు?"

"పేరు తెల్వదు మేడం, నిజంగ. కల్లూరు దగ్గర మన్యం ఆడియో సార్ మామిడితోటల కావలి ఉంటది. ఆమె పాడుతుంటే అచ్చం రామక్క గొంతే అని సార్‌కు ఆలోచన వచ్చింది. ఆమెను ఎవ్వరితో మాట్లాడనియ్యరు. పాడుడు అయినంక నన్ను ఒక్కటే అడిగింది, ఇది భద్రాచలం అవతలి ఊళ్లకు పోతదా అని."

రామక్క కొంగు నోట్లో కుక్కుకుంది.

అప్పుడే, అనిల్‌కుమార్ దగ్గర నుంచి తీసుకుని బల్ల మీద పెట్టిన ఫోన్ చిన్నగా మోగింది. ఉదయ్ భాస్కర్ తీసి చూశాడు. చదివి యశోదకు అందించాడు.

"ఏం రాసిండ్రు?" అంది రామక్క.

యశోద దాచలేదు. ఉన్నది ఉన్నట్టు చదివింది. "'ఫోన్ ఎత్తుతలేవంటే నువ్వు దొరికినట్టే. చీకటి పడంగనే ఆమెను తోట నుంచి పంపించేస్తున్నం. ఇక ఎవ్వరికీ కనపడదు.'"

ఉదయ్ భాస్కర్ గడియారం చూశాడు. "కల్లూరుకు రెండున్నర గంటల పైనే. చీకటి పడడానికి మూడు గంటలు కూడా లేదు."

రామక్క లేచి నిలబడింది. కొంగు నడుముకు చుట్టి బిగించింది.

"అంటే చీకటి పడేదాక ఆడనే ఉంటది గదా," అంది. అందరికంటే ముందు ఆమే మెట్లు దిగింది.